చదివేవారు లేరనుట నిజమేనా?



ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల సేవకులు కలిసిన చోటల్లా ఈ మధ్య ఒక మాట వినబడుతోంది. "వ్రాస్తే ఎవరు చదువుతారయ్యగారూ? ఇప్పుడంతా వీడియోలే. కరపత్రిక ఇస్తే రెండడుగులు వేసి పారేస్తున్నారు. వాట్సాప్‌లో నాలుగు పేరాలు పెడితే దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటున్నారు" అని. కొందరు ఈ కారణంగానే వ్రాయడం మానుకున్నారు. మరికొందరు ఎలాగైనా చదువరులు పెరగాలని వేరే దారి పట్టారు. ఆ దారి గురించి క్రింద కొంచెం గట్టిగానే మాట్లాడవలసి ఉంది.

మా అభిప్రాయం ఇది. మన ప్రాంతంలో చదివేవారికి కొరత లేదు, చదివించే ఏర్పాటుకే కొరత. వ్రాయడంతో పని సగమే అవుతుంది. వ్రాసినదానిని ఇంటికి చేర్చి, చెవిన వేసి, అర్థమైనదా అని అడిగి తెలుసుకోవడం మిగిలిన సగం. ఆ రెండవ సగం కూడా పరిచర్యే. దీనికి ఉదాహరణ మన పొరుగునే ఉన్నది.

దూబగుంటలో ఒక చిన్న పాఠం

కలిగిరి మండలంలోని దూబగుంట పేరు మన పెద్దలందరికీ తెలుసు. ఈనాటి యౌవనస్థులకు తెలియకపోవచ్చు గనుక చెబుతున్నాము. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవారు రాత్రిపూట పలకలు పట్టుకొని కూర్చున్నారు. వారి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. సారా వల్ల పల్లెటూరి పేదింటికి వచ్చే కష్టం దాని విషయం. ఆ పాఠంలో దూబగుంట ఆడవారు తమ ఇంటినే చూసుకున్నారు. చదివి ఊరుకోలేదు, కూర్చొని మాట్లాడుకున్నారు. మాట్లాడుకొని ఊరుకోలేదు, తమ ఊరిలో సారా అమ్మకుండా అడ్డం నిలిచారు. వారిలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మగారు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటా పేరుపొందారు.

తరువాత జరిగినది ఇంకా గమనించదగినది. ఆ ఊరి ఆడవారు చేసిన పనినే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా వ్రాసి, చదువు నేర్చుకొంటున్న తక్కిన ఊళ్లకు పంపించారు. అది చదివిన ఊళ్లలోనూ ఆడవారు లేచారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారన్నదీ నిజమే. పాఠం ఒక్కటే ఇదంతా చేసిందని మేము అనడం లేదు. కార్యకర్తల శ్రమ ఉన్నది, పత్రికల అండ ఉన్నది, అన్నిటికంటె ఆడవారి కన్నీరు ఉన్నది. అయితే అచ్చులో వచ్చిన ఒకటి రెండు పేజీలు ఆ కన్నీటికి మాట ఇచ్చాయి.

ఆ పాఠం వ్రాసినవారి పేరు ఎంతమందికి తెలుసు? ఊళ్లలో ఎవరిని అడిగినా చెప్పలేరు. పాఠం మాత్రం చదివించుకుంది. ఎందుకు చదివించుకుందో ఆలోచిస్తే, వ్రాసే సేవకులకు కావలసిన మార్గాలన్నీ అందులోనే కనబడతాయి.

మొదటిది: చదువరి గడపలో నుండి మొదలుపెట్టాలి

మన వ్రాతలకు పెట్టే పేర్లు చూడండి. 'విశ్వాస జీవితములో శోధనల ప్రాముఖ్యత' అని పెడతాము. వేసిన బోరులో నీళ్లు పడక, తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరుగుతున్న రైతు ఆ పేరు చూసి ఆగడు. అదే సంగతిని 'అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడినప్పుడు' అని మొదలుపెడితే ఆగుతాడు. లోపల చెప్పే వాక్యం అదే, గుమ్మం వేరు.

ప్రభువు కూడా అలాగే బోధించాడు. విత్తనాలు చల్లే మనిషి, పిండిలో పులిపిండి కలిపే ఆడమనిషి, ఇల్లంతా ఊడ్చి నాణెం వెదికే ఇల్లాలు, ఇవన్నీ వినేవారి ఇంటి సంగతులు. మన దగ్గర సంగతులకు తక్కువేమీ లేదు. బెంగుళూరుకో చెన్నపట్నానికో పనికి పోయి పండుగకు కూడా రాని కొడుకు ఉన్నాడు. ఉదయగిరి వైపు మంచినీటికి పడే బాధ ఉన్నది. నిమ్మకాయల ధర పడిపోయిన సంవత్సరం ఉన్నది. సోమశిలలో నీరు నిండినదా లేదా అని ఎదురుచూసే ఊళ్లు ఉన్నవి. వీటిని వదలి, ఎక్కడో మంచు కురిసే దేశంలో జరిగిన కథను పుస్తకంలో నుండి ఎత్తి వ్రాస్తే మనవారు మర్యాదకు చదువుతారు, అంతే.

రెండవది: ఒక కాగితం, ఒక సంగతి

హబక్కూకు ప్రవక్తకు దేవుడు ఇచ్చిన ఆజ్ఞ గుర్తు చేసుకోండి. చదివేవానికి తేటగా కనబడేటట్లు దర్శన విషయాన్ని పలకల మీద వ్రాయమన్నాడు. తేటగా వ్రాయడం దేవుని ఆజ్ఞలోనే ఉన్నది. చూపు మందగించిన పెద్దమ్మకు చీమల బారులాంటి అక్షరాలు ఇస్తే ఏమి లాభం? అక్షరం పెద్దదిగా ఉండాలి. వాక్యం చిన్నదిగా ఉండాలి. ఏడవ తరగతి బిడ్డ ఒక ఊపిరిలో పైకి చదవగలిగినదే మంచి వాక్యం. ఒక కాగితంలో ఒక్క సంగతే చెప్పాలి. రక్షణ, దశమభాగం, రెండవ రాకడ, కుటుంబ ప్రార్థన, నాలుగూ ఒకే పేజీలో కుక్కితే ఏదీ మనసులో నిలవదు.

వ్రాసిన తరువాత ఒకసారి గట్టిగా చదివి చూసుకోవాలి. నాలుక తడబడిన చోట చదువరి కూడా తడబడతాడు. ఆ చోటు దిద్దాలి.

మూడవది: చదివి వినిపించాలి

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి నెల్లూరు జిల్లా అక్షరాస్యత 70 శాతానికి లోపే. అంటే పదిమందిలో ముగ్గురికి ఆనాటికి చదువు రాదు. మెట్ట ప్రాంతపు పల్లెల్లో, అందులోనూ వయసు మళ్లిన ఆడవారిలో, మన సంఘాల ముందు వరుసలో కూర్చునేవారిని చూస్తే సంగతి అర్థమవుతుంది. వీరందరినీ చదువరుల లెక్కలో నుండి తీసివేద్దామా?

తీసివేయనక్కరలేదు. యెరూషలేములో నీటి గుమ్మము ఎదుట ఎజ్రా తెల్లవారినది మొదలు మధ్యాహ్నం వరకు గ్రంథం చదివి వినిపించాడు. లేవీయులు అర్థం చెప్పారు. ప్రజలు విని ఏడ్చారు. పౌలు కొలొస్సయుల సంఘానికి వ్రాసిన పత్రికను లవొదికయ సంఘంలో కూడా చదివించమన్నాడు, అక్కడి పత్రికను వీరు చదువుకోవాలన్నాడు. ఆ సంఘాలలో చదువు వచ్చినవారు ఎందరో ఉండరు. ఒకరు చదివారు, అందరూ విన్నారు. దూబగుంటలో పాఠం నిలిచినది కూడా కలిసి చదవడం వల్లనే.

మన చేతిలో ఉన్న పని సులభమైనది. ప్రతి వీధికి ఒక బిడ్డను ఏర్పాటు చేయాలి. తొమ్మిదో తరగతో ఇంటరో చదివే అమ్మాయి గానీ అబ్బాయి గానీ చాలు. వారానికి ఒకసారి ఇద్దరు ముగ్గురు అవ్వలను కూర్చోబెట్టుకొని ఆ కాగితం చదివి వినిపించాలి. బుధవారం గృహ ప్రార్థన అయిన వెంటనే పది నిమిషాలు చాలు. ఒకరు చదివి అయిదుగురు వింటే మన లెక్కలో ఆరుగురు చదువరులు. ఆ బిడ్డకు తెలుగు చదవడం గట్టిపడుతుంది. ఇంగ్లీషు మీడియం బడుల కాలంలో ఇది చిన్న మేలు కాదు. దూరాన పనికి పోయినవారికి ఆ చదువునే ఫోనులో రికార్డు చేసి పంపవచ్చు. ఇంటి దగ్గర పిల్ల గొంతు అనేసరికి వారు తప్పక వింటారు.

నాలుగవది: మనుషులున్న చోటికి కాగితం పోవాలి

1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణంగారు, ఆయన తోటివారు పడవలో గ్రంథాలయం నడిపారు. కాలువ మీద రాకపోకలు సాగించే జనానికి పుస్తకం పడవలోనే చేతికి అందింది. గ్రంథాలయానికి రండి అని పిలిచి కూర్చోలేదు, జనం పోయే దారిలోకి పుస్తకాన్ని దింపారు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు పత్రిక తెల్లవారకముందే ఇంటికి పేపరు చేర్చడం మీద దృష్టి పెట్టింది. 1989 నుండి జిల్లాకొక ప్రత్యేక అనుబంధం వేసి, మన ఊరి పేరు మనకే అచ్చులో చూపించింది. తెలుగునాట పేపరు చదివే అలవాటు పల్లెలకు పాకడంలో ఈ రెండు పనులకూ పెద్ద పాలున్నది.

మన సంఘ చరిత్రలో కూడా ఇదే కనబడుతుంది. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం చేసేవారు. వ్యాపారానికి ఊరూరా తిరిగే దారులు, బంధుత్వాలు కలిసిన దారులు ఆయనకు తెలుసు. సువార్త ఆ దారులలోనే నడిచి పోయింది.

ఇప్పుడు మన జనం ఎక్కడ కూర్చుంటున్నారు? ఉపాధి హామీ పని దగ్గర మధ్యలో సేదదీరే చెట్టు క్రింద. పాలు పోసే చోట. ఉదయగిరి బస్సు కోసం ఎదురుచూసే ఆత్మకూరు బస్టాండులో. ఆసుపత్రిలో చీటీ వ్రాయించుకొని పిలుపు కోసం కూర్చున్న బల్లల మీద. అక్కడ కరపత్రికలు కట్టలుగా పంచి రమ్మని మేము చెప్పడం లేదు. దారిన పోయే వేయిమందికి ఇచ్చిన కాగితం కంటె, మన సంఘంలోని ఒక సహోదరి తన పక్కన కూర్చున్న మనిషికి 'ఇది చదువమ్మా, నీకు పనికొస్తుంది' అని ఇచ్చిన కాగితం ఎక్కువ చదవబడుతుంది. కాగితానికి విలువ ఇచ్చేది ఇచ్చిన చెయ్యి.

వాట్సాప్‌కూ ఇదే వర్తిస్తుంది. రెండు వందలమంది ఉన్న గుంపులో పడేసిన వ్రాత ఎవరిదీ కాదు. పదిమందికి పేరుపేరునా పంపి, వారి ఇంటి సంగతి ఒక మాట అడిగితే పదిమందీ చదువుతారు.

అయిదవది: చెప్పిన రోజుకు రావాలి

కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో మద్రాసు నుండి దినపత్రికగా తెచ్చారు. ఆంధ్రపత్రిక ఉగాది సంచిక కోసం ఇళ్లలో ఎదురుచూసేవారని పెద్దలు చెప్పేవారు. మన నెల్లూరులో జమీన్ రైతు వారపత్రిక స్వాతంత్ర్యానికి ముందు నుండి నడిచింది. వారానికి ఒకసారి వస్తుందని తెలిసినవాడు ఆ రోజుకు వెదుక్కుంటాడు. నెలకు ఏడు వ్రాసి మూడు నెలలు మాయమయ్యేవాని కోసం ఎవరూ ఎదురుచూడరు.

కాబట్టి నెలకు రెండే వ్రాయగలిగితే రెండే వ్రాయండి. మొదటి శనివారం, మూడవ శనివారం అని చెప్పండి. చెప్పిన రోజు తప్పకండి. పాలు పోసేవాడు ఒకరోజు రాకపోతే గుమ్మంలో నిలబడి చూస్తామే, అలా చూడాలి.

ఆరవది: చదువరి మాటకు చోటివ్వాలి

దూబగుంటవారు చదివిన పాఠం ఒకటి, వారి వల్ల పుట్టిన పాఠం ఒకటి. చదువరి కథ తిరిగి పాఠమైనప్పుడు చదువరుల సంఖ్య దానంతట అదే పెరిగింది. కొరింథు సంఘంవారు వ్రాసి అడిగిన ప్రశ్నలకే పౌలు తన పత్రికలో జవాబులిచ్చాడు. మన సంఘంలో అవ్వ అడిగిన ప్రశ్నకు వచ్చే సంచికలో జవాబు వ్రాసి చూడండి. ఆమె చదువు రాని మనిషైనా ఆ కాగితం దాచుకుంటుంది, నలుగురి చేత చదివించుకుంటుంది. అయితే ఒక హద్దు ఉన్నది. అనుమతి లేకుండా ఎవరి ఇంటి సంగతీ, ఎవరి పేరూ వ్రాయకూడదు. ప్రార్థనలో చెప్పుకున్న బాధ అచ్చులో కనబడితే ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు.

మేము వద్దనే దారి

పైన ఒక దారి గురించి చెబుతామన్నాము. చదువరులు త్వరగా పెరిగే దారి ఒకటి ఉన్నది, అది భయం. ఫలానా సంవత్సరం లోకం అంతమని వ్రాస్తే రాత్రికి రాత్రి వేలమందికి పోతుంది. ఈ సందేశం పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందని వ్రాస్తే ఇంకా త్వరగా పోతుంది. పక్క సంఘాన్ని తిట్టినా, పక్కింటివారి దేవుళ్లను తిట్టినా పోతుంది. ఇవన్నీ చదివించుకుంటాయి. చదివించుకోవడం ఒక్కటే కొలత అయితే వీటినే మెచ్చుకోవలసి వస్తుంది.

వీటి ఖరీదు ఎవరు చెల్లిస్తారో చూడండి. ప్రార్థన చాలు, మందులు అక్కరలేదని ఎవరో వ్రాసిన సందేశం నమ్మి, షుగరు మాత్రలు ఆపే అమాయకురాలు చెల్లిస్తుంది. లోకం అంతమవుతుందని విని బిడ్డ చదువు మీద శ్రద్ధ తీసివేసే తండ్రి చెల్లిస్తాడు. ఉదయగిరి, ఆత్మకూరు వీధుల్లో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఒకే కొళాయి దగ్గర బిందెలు పెట్టేవారు. ఒక దురుసు వ్రాత వల్ల రేపు ఆ కొళాయి దగ్గర మాటలు ఆగిపోతే, వ్రాసిన సేవకుడు వచ్చి కలపగలడా? లూకా వైద్యుడే. పౌలు తిమోతి కడుపునొప్పికి ఉపాయం చెప్పినవాడే. యేసుప్రభువు ఆ దినమూ ఆ గడియా తండ్రికే తెలుసునన్నాడు. అటువంటప్పుడు భయపెట్టి చదివించడానికి మనకు ఏ అధికారమున్నది?

మా మాట గట్టిగా ఉన్నదని కొందరు అనుకోవచ్చు. పదివేలమంది భయంతో చదివిన వ్రాత కంటె, పదిమంది నిమ్మళంగా చదివి ఒక ఇంట్లో తాగుడు మాన్పించిన వ్రాత గొప్పదని మేము నమ్ముతున్నాము.

కొన్ని అభ్యంతరాలు

చదువరులను లెక్కపెట్టుకోవడం గర్వం కాదా అని అడిగేవారున్నారు. విత్తనం చల్లిన రైతు మొలకలు చూడడానికి పొలానికి పోతాడు. అది గర్వం కాదు, శ్రద్ధ. అయితే ఎన్ని కాగితాలు పంచామన్నది లెక్క కాదు. చదివినవారు ఎందరు తిరిగి మాట్లాడారు, ఎందరు మరొకరికి ఇచ్చారు, ఇదే లెక్క.

లెక్క చిన్నదైతే నిరుత్సాహపడవద్దు. 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు పని మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి చేరినవారు బహు కొద్దిమంది. ఈ పని మూసివేద్దామా అని 1853లో వారి దేశంలో చర్చించుకున్నారు. మూసివేయలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్క దినములోనే 2,222 మంది బాప్తిస్మము పొందారు. కరవు ఏళ్లలో జరిగిన ఆ పనికి కారణాలు అనేకం. అయినా 1853లో లెక్క చూసి తాళం వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇంకొకరు, వీడియో ఉండగా చదువు ఎందుకంటారు. వీడియోకు మేము వ్యతిరేకులం కాము. అయితే మన పేద సహోదరి రేపు బ్యాంకులో ఒక కాగితం మీద వేలిముద్ర వేయాలి. పట్టాదారు పాసుపుస్తకంలో తన భర్త పేరు సరిగా ఉన్నదో లేదో చూసుకోవాలి. పొదుపు సంఘం అప్పు ఎంత కట్టిందో, ఎంత మిగిలిందో తెలుసుకోవాలి. అక్కడ వీడియో ఆదుకోదు. వారానికి ఒక పేజీ చదవడం అలవాటైన కన్ను అక్కడ మోసపోదు. వాక్యం చదివించే సేవకుడు, తెలిసో తెలియకో, ఆమె చేతికి ఒక రక్షణ ఇస్తున్నాడు. 1991లో అక్షరాలు దిద్దిన ఆడవారు వేలంపాటలనే ఆపించారన్నది మరువవద్దు.

కనుక ఇలా చేద్దాము

ఈ రాబోయే మూడు నెలలు ప్రయత్నించి చూడమని తోటి సేవకులను బ్రతిమాలుచున్నాము. పదిహేను రోజులకొక పేజీ వ్రాయండి. దాని పేరు మీ ఊరి మనిషి నోట వచ్చే మాటలా ఉండాలి. వీధికొక బిడ్డకు ఇచ్చి చదివించండి. మరుసటి ఆదివారం ఆరాధన తరువాత ఇద్దరిని అడగండి: 'ఏం అర్థమైంది? ఏం అర్థం కాలేదు?' రెండవ ప్రశ్నకు వచ్చిన జవాబు జాగ్రత్తగా వ్రాసిపెట్టుకోండి. వచ్చే పేజీ అక్కడి నుండే మొదలవుతుంది. అరణ్యమార్గములో రథమెక్కి పోతున్న ఐతియొపీయుడు గ్రంథం చదువుతూనే ఉన్నాడు. కావలసినదల్లా పక్కన కూర్చొని, అర్థమగుచున్నదా అని అడిగే ఒక్క ఫిలిప్పు.

విశ్వాసులకు కూడా ఒక మనవి. మీ కాపరి వ్రాసినది చదివితే దండం బొమ్మతో సరిపెట్టవద్దు. నచ్చిన మాట ఏదో చెప్పండి, నచ్చనిది కూడా చెప్పండి. చదువు రాని మీ పక్కింటి అవ్వకు చదివి వినిపించండి. అంతకు మించిన కానుక వ్రాసేవానికి లేదు.

ప్రభువు మీ కన్నులను, మీ చెవులను, మీ గృహములను దీవించును గాక. ఆమేన్.